మేలును తెలుపు ఆంగ్లపదములు : ఎంపికలోని మెలకువలు

మన విద్యార్థులు ఆంగ్లమున దరఖాస్తు వ్రాయవలసి వచ్చినపుడు తరచుగా రెండే క్రియాపదములపై ఆధారపడుచున్నారు. ఒకటి 'ఇంప్రూవ్'. రెండవది, కొంత గంభీరముగా వినిపింపవలెనను కోరికతో వ్రాయు 'ఎన్‌హాన్స్'. ఇల్లు బాగుచేయుట, చేతివ్రాత కుదురుట, రోగి కోలుకొనుట, చట్టమును సవరించుట, పేదల కష్టము తగ్గించుట, అన్నింటికిని ఈ రెండే. ఒక విద్యార్థి ఉపకారవేతనము కొరకు వ్రాసిన దరఖాస్తులో, గణితమునందలి తన బలహీనతను 'ఎన్‌హాన్స్' చేసికొనదలచినట్లు పేర్కొన్నాడు. ఆ వాక్యమునకు అర్థము బలహీనతను పోగొట్టుకొందునని కాదు, పెంచుకొందునని. చదివిన అధికారి నవ్వి ఊరకుండవచ్చును. కాగితమును ప్రక్కన పెట్టివేయవచ్చును కూడ.

తెలుగు బోధించు మాకు ఆంగ్లపదములతో ఏమి పని యని పాఠకులు అడుగవచ్చును. ఇంట ఉర్దూ, వీధిలో తెలుగు, పరీక్షలో ఆంగ్లము - ఈ మూడింటి నడుమ పెరుగు విద్యార్థులు మన కళాశాలలో అనేకులు. ఒక పదము యొక్క బరువు ఒక భాషలో తెలియనిచో మరియొక భాష త్రాసులో పెట్టి చూచు వసతి వారికి కలదు. ఆ వసతిని వినియోగించుకొనుటయే ఈ వ్యాసములో మేము చేయదలచిన పని.

నిఘంటువును తెరచినచో ఈ పదములన్నింటికి ఇంచుమించుగా 'బాగుచేయు' అను అర్థమే కనిపించును. ఐనను ప్రతి పదమును మరియొక మాటను కూడ గుట్టుగా చెప్పుచుండును. బాగుపడుటకు పూర్వము ఆ వస్తువు ఏ స్థితిలో ఉండెను? మంచిగనే ఉండెనా, తప్పుతో ఉండెనా, దుస్థితిలో ఉండెనా? రాబోవు మేలును గూర్చి వ్రాయుచున్నామని మనము తలతుము. నిజమునకు గడచిన స్థితిపై తీర్పు చెప్పుచున్నాము. ఈ భేదము మన ఇంటర్మీడియట్ విద్యార్థులకు అనుభవమున తెలిసినదే. ఉత్తీర్ణుడైనవాడు మార్కులు పెంచుకొనుటకై మరల వ్రాయునది 'ఇంప్రూవ్‌మెంట్'. తప్పినవాడు వ్రాయునది 'సప్లిమెంటరీ'. ఇద్దరును అదే ప్రశ్నపత్రమును అందుకొనవచ్చును. ఐనను "నేను ఇంప్రూవ్‌మెంట్ వ్రాయుచున్నాను" అని చెప్పు బాలుని కంఠములోని ధ్వని వేరు.

మొదట ఈ 'ఇంప్రూవ్' కథను చూతము. ఈ పదము నార్మనుల ఫ్రెంచి నుండి ఆంగ్లములోనికి వచ్చినది. దాని మూలమున ఉన్నది 'లాభము' అను అర్థము గల చిన్న పదము. కనుక తొలుత 'ఇంప్రూవ్' అనగా లాభదాయకముగా చేయుట, ముఖ్యముగా భూమి నుండి రాబడి పెంచుట. బీడును సాగులోనికి తెచ్చినను, ఊరుమ్మడి భూమికి కంచె వేసికొని తనదిగా చేసికొనినను, అది 'ఇంప్రూవ్‌మెంటే'. పదునెనిమిదవ శతాబ్దమున ఇంగ్లండులోని జమీందారులకు ఇది ఒక వేడుకగా కూడ మారినది. లాన్సలాట్ బ్రౌన్ అను ఉద్యానశిల్పి ఏ ఎస్టేటును చూచినను 'ఇందులో మెరుగునకు అవకాశము కలదు' అను భావముతో 'కేపబిలిటీ' అను మాటను వాడుచుండుటచే, చివరకు అదే ఆయన మారుపేరైనది. జేన్ ఆస్టిన్ 1814లో ప్రకటించిన 'మాన్స్‌ఫీల్డ్ పార్క్' నవలలో ఈ 'ఇంప్రూవ్‌మెంటు' పిచ్చి పై మంచి హాస్యము కలదు.

ఆ పదము ఓడ ఎక్కి మన దేశమునకును వచ్చినది. 1896లో బొంబాయిలో ప్లేగు చెలరేగిన తరువాత 1898లో అచట 'ఇంప్రూవ్‌మెంట్ ట్రస్ట్' ఏర్పడినది. హైదరాబాదులో 1908 సెప్టెంబరు 28న మూసీనది పొంగి నగరమును ముంచివేసిన తరువాత, 1912లో 'సిటీ ఇంప్రూవ్‌మెంట్ బోర్డు' నెలకొన్నది. మనకు ఆసక్తి కలిగించు విషయము ఆ బోర్డునకు ఉర్దూలో పెట్టిన పేరు. దానిని 'ఆరాయిషె బల్దా' అనిరి. 'బల్దా' అనగా నగరము. 'ఆరాయిష్' అనగా అలంకరణ, సింగారము. ఆంగ్లపు పేరు వినినచో ఇరుకు బస్తీలు, మురుగు, రోగములు, వాటిని తొలగించు ఇంజనీరు మనసునకు వచ్చును. ఉర్దూ పేరు వినినచో పెండ్లికూతురును సింగారించు చేతులు గుర్తునకు వచ్చును. పత్థర్‌గట్టీ రాతికట్టడముల క్రింద నిలిచి చూచినవారికి ఉర్దూ పేరే తగినదనిపించును. ఇరుకు బస్తీల నుండి లేపివేయబడిన కుటుంబములకు ఏ పేరు తగినదనిపించెనో చెప్పుట అంత సులభము కాదు. తరువాతి కాలమున అధికారులకు 'ఇంప్రూవ్‌మెంట్' పాతబడినది. 1975లో ఏర్పడిన సంస్థకు 'అర్బన్ డెవలప్‌మెంట్ అథారిటీ' యని పేరు పెట్టిరి. 2008లో అది మహానగరాభివృద్ధి సంస్థయైనది. 'డెవలప్' అను పదమునకు మూలార్థము చుట్టిన దానిని విప్పుట. 'ఎన్‌వెలప్' అనగా చుట్టుట కదా, దానికి ఇది ఎదురు. లోపల ఉన్నది వెలికి వచ్చి విస్తరించుటయే అందలి ఊహ. ఊరు పెరుగుట వేరు, ఊరు బాగుపడుట వేరు. మన 'అభివృద్ధి' యందును ఉన్నది వృద్ధియే, అనగా పెరుగుదలయే.

ఇక 'ఇంప్రూవ్' ప్రయోగమునకు ఒక్క నియమము జ్ఞాపకముంచుకొనిన చాలును. దీనికి కర్మగా ఉండవలసినది మనము కోరుకొను వస్తువు: ఆరోగ్యము, చేతివ్రాత, జ్ఞాపకశక్తి, పరిస్థితి. మనము కోరని వస్తువును 'ఇంప్రూవ్' చేయరాదు. 'మిస్టేక్స్'ను 'కరెక్ట్' చేయవలెను. 'ప్రాబ్లమ్'ను 'సాల్వ్' చేయవలెను. 'వీక్‌నెస్'ను 'ఓవర్‌కమ్' చేయవలెను. తెలుగులో "తప్పులను మెరుగుపరచినాను" అని ఎవ్వరును అనరు. ఆంగ్లమున మాత్రము తడబడుచున్నాము. ఈ పొందికలు నేర్చుకొనుటకు మన రాజ్యాంగము మంచి పాఠ్యపుస్తకము. వెనుకబడిన తరగతులను గూర్చిన 340వ అధికరణము వారి ఇబ్బందులకు 'రిమూవ్' అను క్రియను, వారి స్థితికి 'ఇంప్రూవ్' అను క్రియను వాడినది. 47వ అధికరణమున పోషకాహారపు స్థాయి, జీవన ప్రమాణము అను వానికి 'రెయిజ్' సంబంధమైన రూపమును, ప్రజారోగ్యమునకు 'ఇంప్రూవ్‌మెంట్'ను వాడినారు. స్థాయిని ఎత్తవలెను, ఆరోగ్యమును బాగుపరచవలెను, ఇబ్బందిని తొలగింపవలెను. మూడు వస్తువులు, మూడు క్రియలు.

'ఎన్‌హాన్స్' అన్నింటికంటె ఎక్కువగా దుర్వినియోగమగుచున్న పదము. లాటిన్ భాషలోని 'ఎత్తైన' అను పదము దీనికి మూలము. పూర్వము అచ్చముగా పైకెత్తుట అను అర్థముననే వాడెడివారు. నేటి వాడుకలో, ఇదివరకే విలువ గల దానికి మరికొంత విలువను చేర్చుటకు ఇది చెల్లును. కీర్తి, అందము, రుచి, విలువ - వీనికి అది శోభించును. బిరియానిలో కుంకుమపువ్వు రుచిని 'ఎన్‌హాన్స్' చేయును. మాడిన బిరియానిని ఏ కుంకుమపువ్వును 'ఎన్‌హాన్స్' చేయజాలదు. మరియొక మెలకువ: 'ఇంప్రూవ్' తనంత తాను నిలువగలదు, 'ఎన్‌హాన్స్' నిలువజాలదు. 'హిజ్ హెల్త్ ఇంప్రూవ్డ్' అనవచ్చును. 'హిజ్ హెల్త్ ఎన్‌హాన్స్డ్' అనుట తప్పు. ఎత్తుటకు ఎత్తువాడు ఉండవలెను కదా. ఇంకను ఒక ప్రమాదము కలదు. న్యాయస్థానములలో ఈ పదమునకు పాత అర్థమే నేటికిని నిలిచియున్నది. పై కోర్టు శిక్షను 'ఎన్‌హాన్స్' చేసినదని పత్రికలో చదివినచో శిక్ష మెరుగుపడినదని కాదు, పెరిగినదని. భూసేకరణలో పరిహారము 'ఎన్‌హాన్స్' అయినచో రైతునకు సంతోషము. అద్దె 'ఎన్‌హాన్స్' అయినచో కిరాయిదారునకు దుఃఖము. పదము ఒక్కటే.

తప్పును సవరించు పదములది వేరొక కుటుంబము. లాటినులో 'దోషము' అను అర్థము గల పదము నుండి 'అమెండ్', 'ఎమెండ్', 'మెండ్' అను మూడును పుట్టినవి. చిరిగిన బట్టను, విరిగిన కంచెను, చెడిన నడవడిని 'మెండ్' చేయుదురు. ఇది వాడుకలోని ఇంటిమాట. ప్రాచీనగ్రంథముల ప్రతులలో లేఖకులు చేసిన దోషములను పండితుడు 'ఎమెండ్' చేయును. మనము పాఠపరిష్కరణ మనుచున్నది ఇదియే. చట్టమును శాసనసభ 'అమెండ్' చేయును. వంగినదానిని సరిచేయు 'రెక్టిఫై' కూడ ఈ వరుసలోనిదే. లెక్కలోని పొరపాటునకు, ధ్రువపత్రములోని జన్మతేదీకి అది తగును. మనిషికి తగదు.

'అమెండ్' విషయమున కొంత నిలువవలసియున్నది. పుట్టుకను బట్టి చూచినచో దోషము తొలగించుటయే దాని పని. చట్టభాషలో మాత్రము మార్చుట యని మాత్రమే అర్థము. మార్పు మేలో కీడో ఆ పదము చెప్పదు. 1976 నాటి 42వ సవరణ తెచ్చిన మార్పులలో అనేకమును 1978 నాటి 44వ సవరణ త్రోసిపుచ్చినది. రెండింటి పేరును సవరణయే. ఈ ఒక్క పదమునకు హద్దు ఎచ్చట అను ప్రశ్న దేశమును కదిలించిన సందర్భము కూడ కలదు. 1973 ఏప్రిల్ 24న కేశవానంద భారతి కేసులో పదముగ్గురు న్యాయమూర్తుల ధర్మాసనము ఏడుగురు ఒక వైపు, ఆరుగురు ఒక వైపుగా చీలి తీర్పు చెప్పినది. పార్లమెంటు రాజ్యాంగమును సవరింపవచ్చును గాని దాని మౌలిక స్వరూపమును మార్చరాదని అందలి సారాంశము. సవరణ జరిగిన తరువాత కూడ పాత రాజ్యాంగము తన గుర్తింపును కోల్పోక నిలిచియుండవలెనని, అట్లు నిలువనిచో అది సవరణయే కాదని న్యాయమూర్తి ఖన్నా వాదము. భాషాబోధకులుగా మేము దీనిని చదివినపుడెల్ల సంతోషింతుము. బట్టకు మాసిక వేసినచో బట్ట మిగులవలెను. మాసికలే మిగిలినచో అది వేరొక బట్ట. ఉర్దూ న్యాయభాషలో దీనిని 'తర్మీమ్' అందురు. మనము తెలుగులో వాడు 'మరమ్మతు' కూడ అదే అరబ్బీ ధాతువు నుండి వచ్చిన చుట్టమే.

రోగి మంచము ప్రక్క ఈ పదములకు మరింత బరువు కలుగును. 'హి ఈజ్ బెటర్' అను చిన్న వాక్యమునకు ఆంగ్లమున రెండర్థములు. నిన్నటికంటె తేలికగా ఉన్నాడని యొకటి, పూర్తిగా స్వస్థుడైనాడని రెండవది. దీనికి సరిగా సరిపడు మాట తెలుగున 'నయము'. "నిన్నటికంటె నయముగా ఉన్నది" అనినచో కొంత ఉపశమనము. "జ్వరము నయమైనది" అనినచో జ్వరము పోయినది. ఉర్దూ ఇచ్చట మనకంటె జాగ్రత్త గలది. కొంత తేలికపడుటను 'ఇఫాఖా' యనును, సంపూర్ణ స్వస్థతను 'షిఫా' యనును. ఆంగ్లమున వ్రాయువారు మొదటిదానికి 'ఇంప్రూవ్', రెండవదానికి 'రికవర్' వాడినచో సందేహము ఉండదు. ప్రసంగవశమున ఒక మాట: ఫారసీలోని 'బెహ్తర్'కును ఆంగ్లములోని 'బెటర్'కును ధ్వని, అర్థము రెండును కలియుటచే అవి అక్కచెల్లెండ్రని పలువురు నమ్ముదురు. కాదు. వాని పుట్టుకలు వేరు. పోలిక కేవలము యాదృచ్ఛికము.

అన్నింటికంటె ప్రమాదకరమైనది 'ప్రోగ్రెస్'. మన పిల్లలకు ఈ పదము పాఠశాలలోని 'ప్రోగ్రెస్ రిపోర్టు' ద్వారా పరిచయమగును. కనుక అది శుభవార్త యనియే వారి నమ్మకము. మేమెరిగిన ఒక ఇంట తండ్రికి కాన్సరు చికిత్స జరుగుచుండెను. పరీక్షా నివేదికలో 'డిసీజ్ ప్రోగ్రెషన్' అను మాట ఉన్నది. ఇంటిలో ఆంగ్లము చదివినవాడు పెద్ద కుమారుడొక్కడే. 'అబ్బాకు ప్రోగ్రెస్ ఉన్నదట' అని అతడు తల్లికి చెప్పినాడు. మూడు దినముల తరువాత వైద్యుడు పిలిచి చెప్పువరకును ఆ ఇల్లు సంతోషముగా ఉండెను. 'ప్రోగ్రెస్' అనగా ముందుకు అడుగు వేయుట, అంతే. ఎటువైపు అన్నది వేయువానిని బట్టి ఉండును. రోగము ముందుకు నడచినచో రోగి వెనుకకు పోవును. ఆంగ్ల సాహిత్యమున కూడ ఈ పదము మొదట ప్రయాణమే. 1678లో వెలువడిన జాన్ బన్యన్ గ్రంథమున యాత్రికుని 'ప్రోగ్రెస్' స్వర్గనగరమునకు చేర్చును. హోగార్త్ 1735లో ముద్రించిన ఎనిమిది చిత్రములలో ఒక విలాసపురుషుని 'ప్రోగ్రెస్' పిచ్చివారి ఆసుపత్రికి చేర్చును. వైద్య నివేదికను చదువునపుడు 'ప్రోగ్రెస్' చేసినది ఎవరు, రోగియా రోగమా, అని ముందుగా వెదకవలెను. 'ప్రోగ్రెసివ్' అను విశేషణము రోగము పేరునకు ముందు కనిపించినను అంతే.

'అమీలియొరేట్', 'అలీవియేట్' అనునవి దుస్థితిని మాత్రమే తాకు పదములు. మొదటిది దుర్భర పరిస్థితులను సహింపదగినవిగా చేయుట. రెండవదానికి మూలార్థము తేలిక చేయుట, అనగా బాధ యొక్క బరువును తగ్గించుట. పోగొట్టుట కాదు. ప్రభుత్వ పత్రములలో 'పావర్టీ అలీవియేషన్' అని కనిపించు చోట మన అనువాదకులు తరచుగా 'దారిద్ర్య నిర్మూలన' మని వ్రాయుచున్నారు. నిర్మూలనమునకు 'ఎరాడికేషన్', 'ఎలిమినేషన్' అను వేరు పదములు కలవు. ఆంగ్లమున బరువు తగ్గింతుమని మాత్రమే చెప్పిన ప్రభుత్వమునకు తెలుగున వేరుతో పెకలింతుమను వాగ్దానమును మనమే అంటగట్టుచున్నాము. ఉపశమన మనిన చాలును.

కడపట 'రిఫార్మ్'. ఇది మనవంటివారికి మిక్కిలి దగ్గరి పదము. ఎందుకనగా ఒక సమాజమును గూర్చి ఇతరులు వ్రాయునపుడును, తన్ను గూర్చి తాను వ్రాసికొనునపుడును మొదట చేతికి వచ్చునది ఇదే. 'రిఫార్మ్' అనగా రూపమును మరల దిద్దుట. పూర్వరూపము చెడినదని అది ఒప్పుకొనుచున్నది. సర్ సయ్యద్ అహ్మద్ ఖాన్ 1870లో ప్రారంభించిన పత్రికకు రెండు పేర్లుండెను. ఆంగ్లమున 'మహమ్మడన్ సోషల్ రిఫార్మర్'. ఉర్దూలో 'తహ్‌జీబుల్ అఖ్లాఖ్'. ఉర్దూ పేరునకు నడవడిని చెక్కి నునుపు చేయుట యని అర్థము. దీనికి ఆంగ్లమున సరియైన పదము 'రిఫైన్'మెంటు. ఒకే పత్రిక ఆంగ్ల పాఠకునకు తన సమాజము చెడిన రూపమున ఉన్నదని చెప్పుచున్నది. ఉర్దూ పాఠకునకు మాత్రము, నీ యందు ఉన్న మణికి సానపట్టుదము రమ్మనుచున్నది. సర్ సయ్యద్ ఎరిగియే ఇట్లు చేసెనని మా అభిప్రాయము. తిట్టి పిలిచిన వానికంటె గౌరవించి పిలిచినవాడే తలుపు దగ్గరకు వచ్చును. నాలుగేండ్ల తరువాత, 1874లో, రాజమహేంద్రవరమున కందుకూరి వీరేశలింగము తన పత్రికకు 'వివేకవర్ధని' యని పేరు పెట్టెను. దురాచారములను ఎంత తీవ్రముగా ఖండించినను, పేరులో మాత్రము ఉన్న వివేకమును వృద్ధి చేయుదునని ఆయన మాట. ఇదియే 'ఎన్‌హాన్స్' యొక్క సరియైన ప్రయోగము!

ఉర్దూ కవులకు 'ఇస్లాహ్' అను మరియొక మంచి మాట కలదు. సంఘసంస్కరణమునకును ఇదే మాట, శిష్యుని గజలును గురువు దిద్దుటకును ఇదే మాట. హైదరాబాదున స్థిరపడిన దాగ్ దెహ్లవీ వద్దకు యువకుడైన ఇఖ్బాల్ తన కవితలను తపాలాలో పంపి 'ఇస్లాహ్' పొందెను. గురువు దిద్దినను గజలు శిష్యునిదే. మన సమాజమును గూర్చి ఆంగ్లమున వినతిపత్రము వ్రాయు యువకులు 'రిఫార్మ్', 'అప్‌లిఫ్ట్‌మెంట్' అను పదములను అలవాటుగా వాడకుండుట మేలు. 'అప్‌లిఫ్ట్'నందు పైకెత్తువాడొకడు, క్రింద పడియున్నవాడొకడు ఉందురు. పాఠశాల, గ్రంథాలయము, ఉపకారవేతనము అడుగునపుడు వానికి 'ప్రొవైడ్', 'ఎక్స్‌టెండ్' అను సాదా క్రియలు చాలును. ఉన్నవాటిని పెంచుటకు 'ఇంప్రూవ్' చాలును. నిజముగా చెడిన దురాచారము, ఉదాహరణకు కట్నము, ఎదుటనున్నచో అపుడు 'రిఫార్మ్' అని వ్రాయుటకు వెనుదీయనక్కరలేదు. అచ్చట మృదువైన పదము వాడుటయే తప్పగును.

'అప్‌గ్రేడ్' గూర్చి ఎక్కువ చెప్పనక్కరలేదు. మెట్లు ఉన్నచోటనే అది చెల్లును. ఉన్నత పాఠశాలను జూనియర్ కళాశాలగా 'అప్‌గ్రేడ్' చేయవచ్చును. స్నేహమును చేయరాదు. చేతిఫోనులో 'అప్‌డేట్', 'అప్‌గ్రేడ్' రెండును కనిపించును. మొదటిది ఉన్నదానిని నేటికి సరిపరచుట, రెండవది పై మెట్టునకు చేర్చుట.

'పర్ఫెక్ట్' అనగా సంపూర్ణముగా ముగిసినది. ముగిసినదానికి తరతమములు ఉండవు గనుక 'మోర్ పర్ఫెక్ట్' అనరాదని వ్యాకరణవేత్తలలో పలువురు చెప్పుదురు. 1787లో ఫిలడెల్ఫియాలో కూర్చుండి అమెరికా రాజ్యాంగమును వ్రాసినవారు పీఠికలోనే తమ సమాఖ్యను గూర్చి ఆ మాట వాడినారు. ఇంకను మెరుగు కావలసియున్నదని వారి భావమై ఉండవచ్చును. మన విద్యార్థులు మాత్రము పరీక్షలో దానిని వ్రాయకుండుట క్షేమము. జవాబుపత్రములు దిద్దువారు ఫిలడెల్ఫియా నుండి రారు.